జి.ఎం. గారి పసుపు హెల్మెట్

శుక్రవారం పొద్దున రాజశ్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకల్లా ఆఫీసుకు వెళ్ళాలి. సేఫ్టీ వారోత్సవాల సినిమాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి సేఫ్టీ ఆఫీసరు రాంప్రసాద్ చేతిలో పెట్టాలి. మధ్యాహ్నం నుంచి సెలవని చీటీ రాసిచ్చి, బిలాస్‌పూర్‌లో తన ఇంటికొచ్చి, పంకా కింద సాయంత్రం దాకా నిద్రపోవాలి. ఫోటోలు కూర్చి చేసిన మూడే మూడు నిమిషాల సినిమా. దానికోసం మూడు వారాలుగా కంప్యూటరు ముందు కూర్చుని ఆమె కళ్ళు చింతనిప్పుల్లా తయారయ్యాయి.

ఆమె ఉద్యోగం గతౌరా స్టేషను దాటాక వచ్చే ఒక ప్రైవేటు కోల్ వాషరీలో. గనుల నుంచి వచ్చిన బొగ్గును కడిగి, రాళ్ళూ మట్టీ వేరుచేసి పంపే ఫ్యాక్టరీ అది. అందులో ఆమె సేఫ్టీ విభాగం అసిస్టెంటు. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఈ ఏటి పొడిగింపు ఫైలు జనరల్ మేనేజరు తిరుపతయ్య గారి బల్ల మీద పదకొండు రోజులుగా విశ్రాంతి తీసుకుంటోంది. పాత కాంట్రాక్టు ముగిసే నెలాఖరుకు ఇంకో నాలుగు రోజులే ఉంది. అందుకని సినిమా బాగా రావాలన్న పట్టుదల ఆమెకు మామూలు కంటే కాస్త ఎక్కువగానే ఉంది.

ఇడ్లీలు తింటున్న తండ్రికి లాప్‌టాప్ తిప్పి సినిమా ఇంకోసారి వేసి చూపించింది. అమ్మన్న రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. దేన్నయినా సిగ్నల్ చూసినట్టు కళ్ళు చికిలించి చూస్తాడు. తెర మీద బెల్టు పక్కన నిలబడి కార్మికులకు వేలెత్తి ఏదో చెబుతున్న మనిషి బొమ్మ రాగానే చేయి ఆపాడు.

"ఆ పసుపు టోపీ ఆయనెవులే? బాగా దబాయిస్తన్నాడు."

"మా జి.ఎం. నాన్నా."

"జి.ఎం.కి పసుపు టోపీ ఏటి? అది కూలోల్ల టోపీ కదేటి? పెద్దోల్లు తెల్లది ఎట్టుకుంటారు కదా."

ఆ అనుమానం రాజశ్రీకి కూడా ఒకసారి వచ్చింది కాని, చేతికి ఏది అందితే అది పెట్టుకుని ఉంటారులే అని సరిపెట్టుకుంది. అదే మాట తండ్రికీ చెప్పింది. "అచ్ఛా, అయితే మంచోడే" అని మెచ్చుకుని అమ్మన్న మళ్ళీ ఇడ్లీ మీదకు వెళ్ళాడు.

స్కూటరు తీస్తుంటే ఫోను మోగింది. తిరుపతయ్య గారు. ముందురోజు సాయంత్రం ఆమె ఆయనకు సినిమా వాట్సాప్‌లో పంపింది.

"ఏందమ్మా రాజశ్రీ, నా అంగిని గట్ల జీబ్రా లెక్క జేసినవేంది? సన్నగళ్ళ అంగి అది, హైదరాబాద్‌ల కుట్టిచ్చిన. అంచులన్నీ రంపం పండ్ల లెక్క ఉన్నయ్. సాయంత్రం డైరెక్టర్ మేడం ఎనిమిదడుగుల తెర మీద చూస్తది. జర మంచిగ జెయ్యి."

కరీంనగర్ నుంచి వచ్చి పాతికేళ్ళుగా బొగ్గులోనే బతుకుతున్న తిరుపతయ్య గారికి రెండు విషయాల్లో గర్వం: గొంతు, చొక్కాలు. మూడో విషయం ఒకటుంది. దాన్ని గురించి ఆఫీసులో ఎవరూ ఎత్తరు. అది ఆయన బట్టతల. వెనకటికి ఒక ఫిట్టరు ఏదో బేరింగు చూపించి "గుండులాగా నున్నగా తిరుగుతోంది సార్" అన్నాడు. వారం తిరక్కుండా లారీలు తూచే కాటా దగ్గరకు బదిలీ అయ్యాడు. అప్పటినుంచీ ఆ ఫ్యాక్టరీలో ఏదీ నున్నగా లేదు.

రాజశ్రీ ఆఫీసుకొచ్చి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులన్నీ వెతికింది. ఒక మూల "స్కేలింగ్ క్వాలిటీ" అని కనిపించింది. దాని కింద మూడు మాటలు: ఫాస్ట్, మీడియం, బెస్ట్. ఆఫీసు కంప్యూటరు ముసలిది కాబట్టి మొదటి రోజే ఆమె ఫాస్ట్ నొక్కి మరిచిపోయింది. హెల్ప్ పేజీ తెరిచి చదివితే సంగతి అర్థమైంది. ఫాస్ట్‌లో పెడితే సాఫ్ట్‌వేర్ అసలు ఫోటోను ముట్టుకోదు. దాని చిన్న నకలు ఒకటి తీసి, ఆ నకలును తెరకు సరిపడా సాగదీస్తుంది. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క గచ్చుపలక అవుతుంది. సన్నగళ్ళ చొక్కా జీబ్రా అవుతుంది. బెస్ట్‌లో పెడితే అసలు ఫోటోలోని ప్రతి చుక్కనూ లెక్కలోకి తీసుకుని ఓపిగ్గా, నునుపుగా పెంచుతుంది. కాకపోతే టైం పడుతుంది.

బెస్ట్ నొక్కి, సినిమాను మళ్ళీ ఎక్స్‌పోర్ట్‌కు పెట్టి టీకి వెళ్ళింది. గంటంబావు తరవాత తిరిగొచ్చి చూసుకుంది.

చొక్కా అద్భుతంగా వచ్చింది. గళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. బెల్టు మీద బొగ్గు ముక్కలు విడివిడిగా ఉన్నాయి. ఇంతకుముందు చీమల బారులా ఉన్న వెనక బ్యానరు మీద అక్షరాలు కూడా తేటగా తేలాయి: "హెల్మెట్ నహీ, తో ప్రవేశ్ నహీ." హెల్మెట్ లేకుండా లోపలికి రావద్దనే ఆ అక్షరాల కింద సరిగ్గా, వేలెత్తి, బోడితలతో తిరుపతయ్య గారు.

రాజశ్రీ కుర్చీ దగ్గరకు లాక్కుంది. హెల్మెట్ లేదు. ఎప్పుడూ లేదు. సాయంత్రపుటెండ సూటిగా ఆయన తల మీద పడి పసుపుపచ్చగా మెరిసింది. చెవుల మీద మిగిలిన జుట్టు హెల్మెట్ అంచులా కనిపించింది. మిగిలిన పనంతా ఫాస్ట్ స్కేలింగ్ చేసింది. నమ్మకం కుదరక ఫాస్ట్ నొక్కింది, హెల్మెట్ వచ్చింది. బెస్ట్ నొక్కింది, తల వచ్చింది. నాలుగుసార్లు అలా పెట్టింది, తీసింది. ఇంత తేలిగ్గా ఒక జి.ఎం. చేత హెల్మెట్ పెట్టించిన అసిస్టెంటు ఆ ఫ్యాక్టరీలో అంతకు ముందు లేదు.

విషయం ఆయనకు చెప్పాలి. తల అనే మాట రాకుండా చెప్పాలి. ఫోను చేసింది.

"సార్, పాత క్వాలిటీయే బాగుందండి."

"బెస్ట్ అని రాసున్నదానికంటె పాతది ఎట్ల బాగుంటదమ్మా?"

"బెస్ట్‌లో మరీ ఎక్కువ కనబడిపోతోంది సార్."

అవతలి గొంతులో గాయపడిన హుందాతనం ఉంది. "నేను వయసు దాచుకునేటోన్ని కాదమ్మా. ముడతలుంటె ముడతలు కనబడనియ్యి. ఉన్నది ఉన్నట్టు చూపియ్యాలె. సేఫ్టీ అంటేనే గది." ఫోను పెట్టేశారు.

ఇక మిగిలింది సేఫ్టీ ఆఫీసరు రాంప్రసాద్. బిల్హా వైపు మనిషి. ముప్ఫై ఏళ్ళుగా తెలుగువాళ్ళ మధ్య పనిచేసి తెలుగు అంతా అర్థం చేసుకుంటాడు కాని జవాబు హిందీలో ఇస్తాడు. తెర చూసి మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. ఫోటో తీసిన రోజు లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరి తల మీదా హెల్మెట్ ఉందని రిజిస్టరులో సంతకం చేసింది ఆయనే.

"మేడమ్, దూస్‌రా ఫోటో?" అని అడిగాడు.

ఇంకో ఫోటో ఉంది కాని అందులో జి.ఎం. గారు అటు తిరిగి ఉన్నారు. అది మరీ అన్యాయంగా ఉంది. అప్పుడు రాంప్రసాదే ఒక ఉపాయం చెప్పాడు. ఇంటర్నెట్‌లోంచి ఒక తెల్ల హెల్మెట్ బొమ్మ తెచ్చి ఆయన తల మీద అతికిస్తే సరి. దొరికిన బొమ్మ బొటనవేలి గోరంత ఉంది. దాన్ని తలకు సరిపడా సాగదీశారు. ఫాస్ట్‌లో అది చక్కెర బిళ్ళల కుప్పలా ఉంది. బెస్ట్‌లో పెడితే కరిగి, జారి, పెరుగన్నం ముద్దలా తయారైంది. నెత్తిన పెరుగన్నం పెట్టుకుని భద్రత గురించి బోధిస్తున్న జి.ఎం.ను ఇద్దరూ ఒక నిమిషం చూసి తీసేశారు.

సరిగ్గా అప్పుడే ఇద్దరి ఫోన్లకూ జి.ఎం. గారి నుంచి ఒకే మెసేజి వచ్చింది. పొద్దున్నే ఆగలేక ఆయన ఆ పాత సినిమానే డైరెక్టరు హరిప్రియ గారికి పంపేశారట. ఆవిడ విమానం ఎక్కేముందు చూశారట. ఆవిడ ఆ పదవిలోకి వచ్చి రెండు నెలలే అయింది, ఎవరి ముఖాలూ తెలియవు. "తోటివాళ్ళకు అంత ధైర్యంగా వేలెత్తి చెబుతున్న ఆ పసుపు హెల్మెట్ కార్మికుడు నాకు చాలా నచ్చాడు. సాయంత్రం ఆయనకు నా చేతులతో శాలువా కప్పుతాను" అని జవాబు ఇచ్చారట. వెంటనే ఆ మనిషిని పట్టుకుని, శుభ్రంగా తయారుచేసి ఉంచమని, సినిమాలో తన చొక్కా తప్ప ఇంకేమీ చూడని జి.ఎం. గారి ఆర్డరు.

రాంప్రసాద్ మెసేజి రెండుసార్లు చదివాడు. "పీలా హెల్మెట్‌వాలా... సార్ హీ హైఁ న?" అన్నాడు నీరసంగా.

రాజశ్రీ తలూపింది. జి.ఎం. గారు తనను తానే వెతికి పట్టుకురమ్మంటున్నారని ఆయనకు చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. కాబట్టి పసుపు హెల్మెట్ పెట్టుకుని, గుండ్రటి ముఖం, ఆ మాత్రం పొట్టా ఉన్న ఇంకో మనిషి కావాలి. రెండో నంబరు బెల్టు దగ్గర పనిచేసే ఎర్రయ్య దొరికాడు. తాతల నాడు పలాస వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. అమ్మన్నకు స్నేహితుడు. అందుకని రాజశ్రీ ఆయన్ను బాబాయ్ అని పిలుస్తుంది.

"ఏటమ్మా, నానేటి తప్పు సేసాను?" అని భయపడుతూ వచ్చాడు ఎర్రయ్య.

తప్పేమీ లేదనీ, ఫోటోలో బాగా పడ్డాడనీ, శాలువా కప్పుతారనీ ఆమె చెప్పింది.

"ఏ ఫోటో? ఆ దినం నాను డ్యూటీకి రానేదు కదమ్మా. మా మేనల్లుడి పెల్లికి ఎల్లిపోనాను."

"ఫోటోలో ఉన్నావు బాబాయ్."

ఎర్రయ్య ఆమె ముఖం చూశాడు, రాంప్రసాద్ ముఖం చూశాడు. ఇది ఆఫీసు వ్యవహారమని అర్థమైంది. "అచ్ఛా, ఉన్నాను" అన్నాడు.

"మేడం ఏం అడిగినా తలూపు. నోరు మాత్రం తెరవకు."

ప్లాను ఇప్పుడు సుబ్బరంగా కుదిరింది. తెర మీద ఫాస్ట్ సినిమా పడుతుంది. అందులో పసుపు హెల్మెట్ ఉంటుంది, వేదిక మీద పసుపు హెల్మెట్‌తో ఎర్రయ్య ఉంటాడు. గచ్చుపలకల ముఖంలో ఎర్రయ్యకూ తిరుపతయ్యకూ తేడా చెప్పడం వాళ్ళ అమ్మల వల్ల కూడా కాదు. బెస్ట్ ఫైలు చివరి నిమిషంలో పాడైందని జి.ఎం. గారికి చెబితే ఆయన కాస్త విసుక్కుంటారు, అంతే. రాజశ్రీ ఫాస్ట్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటరుకే ఉంచి, ఎర్రయ్యకు గడ్డం గీయించి కొత్త యూనిఫాం తొడిగించడానికి వెళ్ళింది. నిద్ర సంగతి మరిచిపోయింది.

నాలుగింటికి క్యాంటీను హాలు నిండింది. నూట యాభై మంది కార్మికులు, ముందు వరసలో ఆఫీసర్లు. చకర్‌భాటాలో విమానం దిగి నేరుగా వచ్చిన హరిప్రియ గారు సన్నగా, కళ్ళజోడుతో, మెత్తగా మాట్లాడే మనిషి. వేదిక పక్కన ఎర్రయ్య కొత్త పసుపు హెల్మెట్‌తో బిగుసుకుని నిలబడ్డాడు. దీపాలు ఆరిపోతుండగా తిరుపతయ్య గారు వెనక్కి వంగి రాజశ్రీ చెవిలో చెప్పారు.

"నీ పెన్‌డ్రైవ్‌ల పాతదే పెట్టి మర్చిపోయినవమ్మా. నేనే పోయి చూసిన. బెస్ట్ అని రాసున్నది ఎక్కిచ్చిన. ఈ కంప్యూటర్లు నాకు గూడ ఎరుకే."

రాజశ్రీ లేచి ప్రొజెక్టరు దగ్గరకు పోయేలోపు సినిమా మొదలైంది.

మొదటి నిమిషం గడిచింది. రెండోది గడిచింది. తరవాత ఎనిమిదడుగుల తెర నిండా తిరుపతయ్య గారు వచ్చారు. చొక్కా గళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. బ్యానరు వెనక వరస దాకా చదువుకోవచ్చు. దాని కింద సాయంత్రపుటెండలో ఆయన తల ధగధగలాడుతోంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు వరసకొకరి చొప్పున ముందుకు పాకుతూ ఆఫీసర్ల దాకా వచ్చింది.

హరిప్రియ గారు చేయెత్తి సినిమా ఆపించారు. లైట్లు వేశారు.

"పొద్దున నాకొచ్చిన దాంట్లో ఈయనకు పసుపు హెల్మెట్ ఉంది. ఇప్పుడు లేదు. ఏమైంది?"

తిరుపతయ్య గారు అప్పటికి బొమ్మను నిజంగా చూశారు. చొక్కాను కాదు, బొమ్మను. ఆయన కూడా వెనక్కి తిరిగారు. "రాజశ్రీ, హెల్మెట్ ఏడ పోయింది?"

రాజశ్రీ లేచి నిలబడింది. కంప్యూటరు పాడైందనొచ్చు, ఎవరో ఫోటో మార్చేశారనొచ్చు, తనకేమీ తెలియదనొచ్చు. మూడూ గొంతుదాకా వచ్చాయి. జి.ఎం. గారి బల్ల మీది తన ఫైలు కళ్ళకు కట్టింది. కాని నూట యాభై జతల కళ్ళు తన మీదున్నప్పుడు అబద్ధం ఎక్కడ మొదలెట్టాలో ఆమెకు తెలియలేదు.

"ఎక్కడికీ పోలేదు సార్. మొదటినుంచీ లేదు. అది ఎండ." స్కేలింగ్ అంటే ఏమిటో, ఫాస్ట్‌లో చుక్కలు పలకలుగా ఎలా మారతాయో నాలుగు ముక్కల్లో చెప్పింది.

హరిప్రియ గారు శ్రద్ధగా విన్నారు. "ఎండ దేని మీద పడింది?"

"తిరుపతయ్య సార్ తల మీద మేడమ్."

ఆ ఫ్యాక్టరీలో ఆ రెండు మాటలు పక్కపక్కన వినబడటం అదే మొదటిసారి. కాటా దగ్గరకు బదిలీ అయిన ఫిట్టరు వెనక వరసలో కళ్ళు మూసుకున్నాడు.

"మరి శాలువా కోసం నిలబెట్టిన ఈయనెవరు?" హరిప్రియ గారు ఎర్రయ్య వైపు తిరిగారు. రాంప్రసాద్ కాళ్ళ మధ్య నేలను పరీక్షించడం మొదలెట్టాడు. "ఆ రోజు మీరు అక్కడున్నారా?"

ఎర్రయ్య తలూపాడు.

"సార్‌కు హెల్మెట్ లేదని చూశారా?"

తలూపాడు.

"చూసి, పెట్టుకోమని చెప్పారా? జనరల్ మేనేజరుకి? మీరే?"

ఇంకా గట్టిగా ఊపాడు. కొత్త హెల్మెట్ ముక్కు మీదకు జారింది. పైకి తోసుకున్నాడు.

"ఆయన ఏమన్నారు?"

ఊపితే తెగే ప్రశ్న కాదది. ఎర్రయ్య రాజశ్రీ వైపు చూశాడు. రాజశ్రీ కిటికీ వైపు చూసింది. ఇక దారి లేక ఎర్రయ్య మళ్ళీ తలూపాడు, ఈసారి చాలా నెమ్మదిగా, దిగులుగా. హాలంతా నిట్టూర్చింది. మేనేజర్ల ముందు నోరు విప్పలేని కార్మికులను హరిప్రియ గారు ఎంతోమందిని చూసి ఉంటారు. ఆవిడకు ఆ ఊపుతో అంతా అర్థమైపోయింది.

తిరుపతయ్య గారు నోరు తెరిచారు. ఆ రోజు తనకు ఎవరూ ఏమీ చెప్పలేదని ఆయనకు తెలుసు. కాని ఆ మాట అంటే తరవాతి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు. "ఒక్కరు కూడా ఎందుకు చెప్పలేదు?" అంటుంది ఆవిడ. ఆ ప్రశ్న రాంప్రసాద్ దగ్గర మొదలై, గేటు దాకా వెళ్ళి, తిరిగి కాటా దగ్గరున్న ఫిట్టరు మీదుగా తన గదిలోకే వస్తుంది. తెరిచిన నోరు మూసుకుని, రాజశ్రీ చూస్తుండగానే ఆయన భుజాలు కాస్త దించి, లేచి మైకు అందుకున్నారు.

"చెప్పిండు మేడం. నేనే ఇనలే. తప్పు నాదే."

ముందు ఒక చప్పట, తరవాత వంద. హరిప్రియ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మిగిలిన ఆరు ప్లాంట్ల సినిమాలూ చూశాననీ, అన్నింట్లోనూ మేనేజర్లు రిబ్బన్లు కత్తిరిస్తూ మొక్కలు నాటుతూ కనిపించారనీ చెప్పారు. సొంత జి.ఎం. చేసిన తప్పును, అదీ బ్యానరుతో సహా, ఎనిమిదడుగుల తెర మీద చూపించిన సినిమా ఇదొక్కటేనన్నారు. మొదటి బహుమతి దానికే ఇచ్చారు. ఎర్రయ్యకు శాలువా కప్పారు. ఇంకో శాలువా తెప్పించి, తప్పు ఒప్పుకున్నందుకు తిరుపతయ్య గారికీ కప్పారు. సినిమా తీసిన అమ్మాయిని వదులుకోవద్దని పోతూపోతూ ఆయనకు చెప్పి మరీ వెళ్ళారు.

సాయంత్రం జి.ఎం. గారు రాజశ్రీని గదికి పిలిచారు. శాలువా ఇంకా భుజాల మీదే ఉంది. కాంట్రాక్టు ఫైలు ముందుకు లాగి సంతకం పెట్టారు. ఫైలు ఇవ్వబోతూ ఆగి, తలుపు వేసి ఉందో లేదో చూశారు.

"ఎర్రయ్య ఆ రోజు నిజంగనే చెప్పిండామ్మా? నాకు యాదికొస్తలేదు. చెప్పినట్టే అనిపిస్తున్నది."

రాజశ్రీ నోరు తెరవకుండా తలూపి, ఫైలు తీసుకుని బయటికొచ్చింది.

వారం తరవాత హెడ్డాఫీసు నుంచి మిగిలిన ఆరు ప్లాంట్లకూ ఉత్తర్వు వచ్చింది. ప్రతి మేనేజరూ ప్లాంటులో పనిచేస్తున్న ఫోటోను బెస్ట్ క్వాలిటీలో పదిహేను రోజుల్లోగా పంపాలి. నెల గడిచేసరికి రెండు ప్లాంట్లలో కెమెరా పాడైంది, ఒకదానిలో కంప్యూటరు కాలిపోయింది, మిగిలిన మూడింటిలో మేనేజర్లు సెలవు మీద ఉన్నారు.